దానమును పాలనమును: భూరక్షణ ధర్మసంస్థల చరిత్ర

ఆంధ్రదేశమున లభించిన తామ్రశాసనములను, శిలాశాసనములను పరిశీలించినవారికి వాని చివరిభాగము సుపరిచితము. దాత యెవరైనను, ప్రతిగ్రహీత యెవరైనను, శాసనాంతమున రెండు విషయములు తఱచుగా వచ్చుచుండును. భూమి నిచ్చుటకంటె, ఒకరిచ్చిన భూమిని చెడకుండ పాలించుట శ్రేష్ఠమనునది యొకటి. తానిచ్చినదైనను పరులిచ్చినదైనను భూమి నపహరించినవాడు అరువదివేలేండ్లు క్రిమియై పుట్టుననునది రెండవది. లేఖకులు ఈ శ్లోకములను పరంపరగా వ్రాయుచు వచ్చిరి గనుక చదువరులు వీనిని దాటిపోవుట కలదు. కాని శాసనకర్తల నిజమైన భయము వీనియందే యున్నది. శిల చిరకాలము నిలుచునని వారెఱుగుదురు. ఆ శిలమీది మాటను రాబోవు రాజు మన్నించునో లేదో యెఱుగరు. తాము గతించిన పిమ్మట తమ దానమును గాచువాడు కానరాక, పాపభయమునే కావలి యుంచిరి.

ఒక నేలను ఒక స్థితియందు ఆచంద్రార్కముగా నిలుపదలచు దాతకు గలుగు ఈ చిక్కు మన దేశమునకే పరిమితమైనది కాదు. పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండునందును, అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమునందును కొందఱు భూస్వాములకు ఇదే చిక్కు ఎదురయ్యెను. వారు కాపాడగోరినవి దేవాలయమాన్యములు గావు, అగ్రహారములు గావు. తోటలు, అడవులు, సముద్రతీరములు, పంటపొలములు. వారు శాపమునకు బదులు చట్టమును, రాజునకు బదులు ధర్మకర్తల సంఘమును ఆశ్రయించిరి. ఆ ప్రయత్నము ఇంచుమించు రెండువందల యేండ్లలో ఏయే మార్గముల నడచినదో, ఎచ్చట తడబడినదో, అందువలన తేలిన విషయమేమో విచారించుట యుక్తము.

ఈ చరిత్రకు మొదటి రంగము లండను నగరమందలి లెస్టరు స్క్వేరు. అది ఇండ్లవరుసల నడుమ చతురస్రముగా నున్న ఉద్యానము. ఆ ఉద్యానమునకును, చుట్టునున్న కొన్ని ఇండ్లకును యజమానుడైన టల్కు అనునతడు 1808లో ఉద్యానమును మాత్రము ఎల్మ్సు అనువానికి విక్రయించుచు, విక్రయపత్రమున ఒక కరారు చేర్చెను. కొనినవాడును, అతని వారసులును, అతనినుండి పొందువారును ఆ స్థలమును ఉద్యానముగనే యుంచవలెననియు, దానిపై కట్టడములు కట్టరాదనియు దాని తాత్పర్యము. కాలక్రమమున ఆ స్థలము చేతులు మాఱి మోక్సే అనువానికి జేరెను. అతని దస్తావేజునందు ఈ కరారు లేదు. కాని దాని సంగతి అతనికి తెలియును. అతడు కట్టడములకు పూనుకొనగా టల్కు న్యాయస్థానము నాశ్రయించెను. 1848లో లార్డు చాన్సలరైన కాటన్‌హాము ప్రభువు తీర్పు చెప్పెను. నిర్బంధమున్నదని యెఱిగి, అందుచే తక్కువ వెలకు గొన్నవాడు, మఱునాడే నిర్బంధము లేనట్లుగా ఎక్కువ వెలకు అమ్ముకొనుట న్యాయముకాదనునది ఆ తీర్పుయొక్క సారము. భూమినిగూర్చిన నిషేధము దాని నెఱిగి కొన్నవానిని గూడ వెన్నంటి పోవునను సూత్రము నాటినుండి స్థిరపడెను.

వ్యాజ్యమున నిషేధము గెలిచినది గాని, ఉద్యానము గెలువలేదు. 1851లో జేమ్సు వైల్డు అను పటముల ప్రకాశకుడు టల్కు వంశీయులతో ఒడంబడిక చేసికొని, ఆ స్థలముననే ఒక మహాగోళమును నిర్మించి, రుసుము గైకొని ప్రజలకు జూపెను. 1862వఱకు ఆ కట్టడ మచ్చట నుండెను. అది తొలగిన పిమ్మట తోట చెత్తకుప్పయయ్యెను. అందలి అశ్వారూఢవిగ్రహము అంగహీనమై పరిహాసపాత్రమయ్యెను. తుదకు 1874లో ఆల్బర్టు గ్రాంటు అను ధనికుడు ఆ స్థలమును గొని, చక్కజేయించి, నగరపు పనులశాఖవారి కర్పించెను. నిషేధమును అమలుజరుపు హక్కు ఒక కుటుంబము చేతిలో నున్నంతకాలము, ఆ కుటుంబము సమ్మతించినప్పుడెల్ల నిషేధము సడలిపోవును. అదియు గాక, కట్టరాదను మాట కట్టడమును ఆపగలదేగాని మొక్కకు నీరు పోయజాలదు. తరువాతి చరిత్ర యంతయు ఈ రెండు లోపములకు చేసిన చికిత్సయే.

మొదటి లోపమునకు చికిత్స వెదకుట 1884లో డెట్‌ఫర్డునందలి యొక తోటతో ప్రారంభమయ్యెను. 1664లో వృక్షపోషణమునుగూర్చి "సిల్వా" అను ప్రసిద్ధగ్రంథమును బ్రకటించిన జాన్ ఎవిలిన్ పెంచిన తోట యది. సేయ్సు కోర్టు అని దానికి పేరు. అతని వంశీయుడు దానిని ప్రజలకు శాశ్వతముగా నీయదలచి, లండను పేదల గృహవసతికై పాటుపడుచుండిన ఆక్టేవియా హిల్ అను మహిళను సంప్రదించెను. ఆమె, ఉమ్మడి బయళ్ల రక్షణసంఘమునకు న్యాయవాదిగా నుండిన రాబర్టు హంటరును ఉపాయ మడిగెను. ఇచ్చువాడు సిద్ధముగా నున్నాడు. పుచ్చుకొనుటకు తగిన సంస్థ లేదు. వ్యక్తి పుచ్చుకొన్నచో మరణించును. వ్యాపారసంఘము పుచ్చుకొన్నచో లాభమునకై అమ్ముకొనును. ఆ సంవత్సరమే హంటరు బర్మింగుహాము సభలో, భూమిని ప్రజలకొఱకు ధరించు సంఘమొకటి యేర్పడవలెనని ప్రతిపాదించెను. 1885లో హిల్ ఆ సంఘమునకు ఒక పేరు సూచించుచు వ్రాసిన జాబుపై హంటరు పెన్సిలుతో "నేషనల్ ట్రస్టు" అని వ్రాసి, ప్రక్కన ప్రశ్నచిహ్నము నుంచెను. ఆ ప్రశ్నకు జవాబు రాకమునుపే పదియేండ్లు గడచెను. సేయ్సు కోర్టు తోటలో స్వల్పభాగము మాత్రమే నేడు పార్కుగా మిగిలియున్నది.

ఈలోగా అట్లాంటిక్కు సముద్రమున కావల, మసాచుసెట్సులో, ఆ కార్యము ముందుగా నెఱవేఱెను. హార్వర్డు విశ్వవిద్యాలయాధ్యక్షుని కుమారుడును, ఉద్యానశిల్పియు నైన చార్లెసు ఎలియట్ దానికి కర్త. బాస్టను నగరసమీపమున వేవర్లీ యనుచోట ప్రాచీనములైన ఓకు వృక్షముల తోపొకటి యుండెను. నగరము పెరిగి తోపు మీదికి వచ్చుచుండెను. 1890లో "గార్డెన్ అండ్ ఫారెస్టు" అను పత్రికకు వ్రాసిన లేఖలో ఎలియట్ ఒక పోలిక చెప్పెను. గ్రంథాలయము గ్రంథములను, చిత్రశాల చిత్రములను ప్రజలకొఱకు ధరించుచున్నట్లే, ఒక సంఘము సుందరములైన చిన్నచిన్న ప్రదేశములను ధరింపవచ్చునని యతని భావము. 1891 మే నెలలో మసాచుసెట్సు ప్రభుత్వము "ట్రస్టీస్ ఆఫ్ పబ్లిక్ రిజర్వేషన్స్" అను ధర్మకర్తల సంఘమును ప్రత్యేకచట్టముచే స్థాపించెను. ప్రజలకు తెఱచియుంచిన భూములకు పన్ను లేకుండుట అందలి ముఖ్యనియమములలో నొకటి. స్టోన్‌హాము అనుచోట, గతించిన తన కూతురి జ్ఞాపకార్థము ఒక తల్లి యిచ్చిన 20 ఎకరముల అడవి ఆ సంఘమునకు ప్రథమదానమయ్యెను. ఆ కూతురిపేరుతో దానిని "వర్జీనియా వుడ్" అని పిలిచిరి. వేవర్లీ తోపు 1893లో ప్రభుత్వోద్యానముగా రక్షింపబడెను. ఎలియట్ 1897లో, నలువదియేండ్లయినను నిండకయే, మరణించెను. అతని లేఖకు కారణమైన మహావృక్షములును కాలధర్మము నొందినవి. అతడు నెలకొల్పిన సంఘము మాత్రము నేటికిని నిలిచియున్నది.

మసాచుసెట్సు సంఘపు మాదిరి ఇంగ్లండువారికి ధైర్యము గలిగించెను. సరోవరప్రాంతమున మతాచార్యుడుగా నుండిన హార్డ్‌విక్ రాన్‌స్లీ, హిల్, హంటరులతో చేరెను. 1895 జనవరి 12వ తేదీన నేషనల్ ట్రస్టు రిజిస్టరు చేయబడెను. కొలదికాలములోనే ఫానీ టాల్బటు అను దాత్రి, వేల్సుదేశమున బార్మత్ పట్టణమునకు పైగా, సముద్రమున కెదురుగా నున్న నాలుగున్నర ఎకరముల కొండచఱియను దాని కిచ్చెను. మఱుసటి యేడు ట్రస్టువారు ఆల్ఫ్రిస్టను గ్రామమందలి ప్రాచీనమైన మతాచార్యగృహమును పది పౌనులకు గొనిరి. దాని మరమ్మతులకైన వ్యయము ఆ వెలకు అనేకరెట్లు. 1899లో వికెన్ ఫెన్ అను చిత్తడినేలలో రెండెకరములు పది పౌనులకే లభించెను. ఆ నేల మఱియొక పాఠము నేర్పెను. అచ్చటి ప్రజలు తరతరములుగా ఇండ్లకప్పులకై తుంగజాతి గడ్డిని కోయుచుండుటచేతనే అది చిత్తడిగా, అనేక కీటకజాతులకు నిలయముగా నుండెను. కోత తగ్గిపోగా పొదలు వ్యాపించి, కాపాడదలచిన రూపమే చెడసాగెను. పిమ్మట పాలకులు పొదలను నఱికించి, గడ్డిని మరల కోయింపవలసివచ్చెను. ముట్టకుండ విడిచిపెట్టుట వేఱు, పాలించుట వేఱని అచ్చట తేటపడెను.

ట్రస్టే తనకిచ్చిన భూమిని ముందుముందు అమ్ముకొన్నచో నేమగును? ఈ భయమునకు 1907నాటి నేషనల్ ట్రస్టు చట్టము సమాధానము చెప్పెను. ఆ చట్టముచే అన్యాక్రాంతము చేయరానివిగా నిర్ణీతములైన భూములను ట్రస్టువారు అమ్మరాదు, తనఖా పెట్టరాదు. ఇతరులు బలవంతముగా గైకొనదలచినను పార్లమెంటువఱకు పోవలసియుండును. మన శాసనములలో శాపశ్లోకము చేయదలచిన పనిని ఇచ్చట చట్టము చేసెను. ఈ నమ్మకమే అనేకులైన దాతలను ముందునకు దెచ్చెను. వారిలో బాలసాహిత్యకర్త్రియైన బియాట్రిక్స్ పాటర్ ఒకతె. ఆమె 1943లో మరణించుచు, సరోవరప్రాంతమున తాను గొన్న నాలుగువేల యెకరములకు పైబడిన భూమిని ట్రస్టునకు వ్రాసిపెట్టెను. కొండపొలములలో ఆ ప్రాంతపు హెర్డ్‌విక్ గొఱ్ఱెల మందలు కొనసాగవలెనని ఆమె కోరిక. భూమితోపాటు అచ్చటి జీవనవిధానమును గూడ నిలుపగోరిన దాన మిది.

అయినను భూమినంతయు ఇచ్చివేయుట అందఱికి సాధ్యమైనది గాదు. పొలము దున్ని బ్రదుకువాడు పొలమును దానమీయలేడు. ఇచ్చినను, తీసికొనిన సంఘము వేలకొలది పొలములను దున్నింపలేదు. పొలము తనచేతనే యుండవలెను; తన తరువాత అది ఇండ్లస్థలములుగా ముక్కలు కారాదు. ఈ రెండు కోరికలను గూర్చు మార్గమేది? ఇచ్చట మన శాసనపరిభాష ఉపకరించును. విజయనగరకాలపు దానశాసనములు భూమిని కేవలము భూమిగా నీయవు. నిధి, నిక్షేపము, జలము, పాషాణము, అక్షీణి, ఆగామి, సిద్ధము, సాధ్యము అను అష్టభోగములతో, దానమునకును ఆధికిని విక్రయమునకును అర్హముగా నిచ్చును. అనగా స్వామ్యము ఏకఖండము గాదు, కొన్ని భోగముల సముదాయమని మన పూర్వు లెఱుగుదురు. పాశ్చాత్యదేశములలో చేసిన యుక్తి ఈ సముదాయమునుండి ఒక్క భోగమును వేఱుచేయుట. దున్నుట, కాపుర ముండుట, అమ్ముట, వారసుల కిచ్చుట యజమానునికే యుండును. భూమిని ఖండించి కట్టడములు కట్టు హక్కును మాత్రము అతడు ధర్మకర్తల సంఘమునకు వ్రాసియిచ్చును. సంఘము ఆ హక్కును వినియోగించుకొనదు. ఎవరును వినియోగించుకొనకుండ కాచుచుండును. దీనినే అమెరికావారు "కన్సర్వేషన్ ఈజ్‌మెంటు" అందురు. దీనిని తెలుగున రక్షణనిర్బంధమనవచ్చును.

యుక్తి సులభము, చట్టము ప్రతికూలము. లెస్టరు స్క్వేరు తీర్పున టల్కు గెలుచుటకు అతనికి ఆ ఉద్యానము చుట్టును ఇండ్లుండుట యాధారమని తరువాతి న్యాయమూర్తులు వ్యాఖ్యానించిరి. నిషేధమువలన మేలు పొందు పొరుగుభూమి లేనివానికి నిషేధమును అమలుజరుపు హక్కు లేదని వారి సిద్ధాంతము. 1914లో లండను కౌంటీ కౌన్సిలువారు ఒక కట్టడపు వ్యాపారివలన పొందిన ఇట్టి కరారును అతనినుండి స్థలము పొందినవారిపై అమలుజరుపబోగా, కౌన్సిలునకు పొరుగున భూమి లేదను కారణముచే ఓడిపోయిరి. ప్రజాహితమునకై కావలి కాయువానికి సామాన్యముగా పొరుగుభూమి యుండదు గదా! ఈ యాటంకమును 1937నాటి నేషనల్ ట్రస్టు చట్టము తొలగించెను. పొరుగున భూమి యున్నట్లే భావించి, ట్రస్టు తాను పొందిన నిషేధపు కరారులను అమలుజరుపవచ్చునని ఆ చట్టము పలికెను.

అమెరికాలోను ఇదే యాటంకము. 1930 తరువాతి దశకమున బ్లూ రిడ్జి పార్కువే యను పర్వతమార్గము వేయునపుడు, మార్గము ప్రక్కనున్న పొలముల దృశ్యము చెడకుండుటకై ప్రభుత్వమువారు ఇట్టి హక్కులను పొందిరి. తొలియజమానులు ఎఱిగి యిచ్చిరి. వారినుండి కొన్నవారిలో కొందఱు తామేమి చేయరాదో తెలియక చెట్లు నఱకుట, కట్టడములు కట్టుట జరిగి, వివాదములు పుట్టెను. 1959లో విలియం వైట్ అను రచయిత ఈ యుపాయమును వివరించుచు ఒక నివేదిక ప్రకటించెను. నగరముల చుట్టు బయళ్లు మాయమగుచున్న కాలమగుటచే దానికి మంచి ప్రచారము గలిగెను. 1969లో మసాచుసెట్సు రాష్ట్రము రక్షణనిర్బంధములకు స్పష్టమైన చట్టము చేసెను. ధర్మసంఘము పొందు నిర్బంధమునకు స్థానికపాలకుల యామోదమును, రాష్ట్రాధికారి యామోదమును గావలెనని విధించెను. 1970లో మెయిన్ రాష్ట్రమున తీరమునందలి ద్వీపములను గాపాడుటకు ఒక ధర్మసంఘ మేర్పడెను. 1980లో కాలిఫోర్నియాలోని మారిన్ జిల్లాలో ఎలెన్ స్ట్రాస్ అను పాడిరైతు, ఫిలిస్ ఫేబర్ అను జీవశాస్త్రజ్ఞురాలు కలిసి పాడిభూముల రక్షణకై సంఘమును స్థాపించిరి. రైతు పొలమున నిలిచియుండుటకును ప్రకృతి నిలిచియుండుటకును విరోధము లేదని ఆ యిరువుర కలయికయే చాటెను. 1981లో అన్ని రాష్ట్రములకు మాదిరిగా నొక చట్టపు ముసాయిదా వెలువడెను. పొరుగుభూమి లేకున్నను నిర్బంధము చెల్లునను విషయము క్రమముగా దేశమంతట స్థిరపడెను.

ఇందు ధనమునకు సంబంధించిన భాగము గూడ నెఱుగదగినది. పొలమునకు పొలముగా నొక వెల, ఇండ్లస్థలముగా నొక వెల యుండును. ఒక పొలము ఇండ్లస్థలముగా లక్ష డాలర్లును, పొలముగా నలువదివేల డాలర్లును చేయుననుకొన్నచో, కట్టడపు హక్కును దానమిచ్చినవాడు అరువదివేల డాలర్లను దానమిచ్చినట్లు లెక్క. ఆ మేరకు ఆదాయపు పన్నులో తగ్గింపు లభించును. ఈ తగ్గింపు 1976నాటి చట్టమున స్పష్టముగా చేర్పబడి, 1980లో స్థిరమైన నియమముగా మాఱెను. దానము శాశ్వతమై యుండవలెననియు, అర్హమైన సంస్థకే యీయవలెననియు, ప్రకృతిరక్షణము, వ్యవసాయము, ప్రజావిహారము, చరిత్రస్మారకము మొదలగు ప్రయోజనములలో నొకటి దానికుండవలెననియు నిబంధనలు. యజమాని మరణానంతరము ఆస్తిపై పన్ను కట్టుటకై వారసులు పొలమును అమ్ముకొనవలసిన యవస్థ గూడ, భూమివెల తగ్గుటచే, కొంత తగ్గెను. 1982లో ఈ సంఘములన్నింటికి ఒక సమాఖ్య యేర్పడెను. 2020నాటి గణనమున అట్టి సంఘములు కాపాడిన భూమి ఆఱుకోట్ల పదిలక్షల యెకరములని ఆ సమాఖ్య లెక్కించెను.

దానము వ్రాసినంతమాత్రమున పని ముగియదు, అప్పుడే ప్రారంభమగును. నిర్బంధము వ్రాయునాడే భూమియొక్క స్థితివివరణపత్రమొకటి సిద్ధము చేయుదురు. ఏ గట్టు ఎక్కడ నున్నది, ఏ కట్టడము ఎంత పొడవు, ఏ వాగు ఏ దిక్కున పాఱుచున్నది, అడవి యెంతవఱకు వ్యాపించియున్నది అను వివరములతో పటములు, ఛాయాచిత్రములు చేర్చి, ఉభయులు సంతకములు చేయుదురు. రాబోవు తగవులలో ఇదియే సాక్షి. పిదప ఏటేట సంఘపు మనుష్యుడు పోయి భూమిని నడచి చూడవలెను, చూచినది వ్రాసియుంచవలెను. భూమి చేతులు మాఱినపుడు క్రొత్త యజమానిని కలిసికొని నిర్బంధమును వివరింపవలెను. బ్లూ రిడ్జి మార్గమున జరిగిన పొరపాటునకు ఇదియే మందు. ఎవడైన నిర్బంధమును మీఱినచో వ్యాజ్యము నడపవలెను. ఇందులకు ధనము గావలెను గనుక, మంచి సంఘములు ప్రతిదానముతోను ఒక పాలననిధిని గూడ చేర్చుకొనును. దాని వడ్డీతో ఏటేటి పర్యవేక్షణము సాగును. 2006లో ఈ సంఘముల యోగ్యతను పరీక్షించి గుర్తింపు నిచ్చు పరిషత్తు ఏర్పడెను. 2013లో వ్యాజ్యవ్యయములకై సంఘములే కలిసి ఒక భీమాసంస్థను ప్రారంభించెను.

ఇన్ని కట్టుదిట్టములున్నను భయము పోలేదు. మేరీలాండు రాష్ట్రమునందలి మిర్టిల్ గ్రోవు అను పొలము ఇందుకు నిదర్శనము. 1975లో ఆ పొలముపై నొక జాతీయసంస్థకు రక్షణనిర్బంధ మీయబడెను. దాత గతించిన పిమ్మట భూమి నితరులు గొని, దానిలో కొంత ఇండ్లస్థలములుగా విభజింప ననుమతి గోరిరి. 1994లో ఆ సంస్థ మొదట సమ్మతించి, దాతకుటుంబమువారును ఇతరులును ఆక్షేపింపగా సమ్మతిని ఉపసంహరించుకొనెను. వివాదము న్యాయస్థానమున కెక్కెను. 1998లో రాష్ట్రపు ముఖ్యన్యాయవాది, ప్రజలపక్షమున, ఈ నిర్బంధము ధర్మదానమనియు, పొందిన సంస్థ తన యిష్టమువచ్చినట్లు సడలింపరానిదనియు వాదించి వ్యాజ్యము వేసెను. ఆ సంవత్సరమే రాజీ కుదిరి నిర్బంధము నిలిచెను. లెస్టరు స్క్వేరునందు టల్కు వంశీయులు సమ్మతించుటతో నిషేధము సడలినది. ఇచ్చట కావలివాని సమ్మతియే చాలదని ప్రభుత్వము అడ్డుపడినది. నూటయేబదియేండ్లలో జరిగిన అభివృద్ధి యింత. అయినను కావలివానికి గూడ నొక కావలివాడు గావలసివచ్చెనను సంగతి మఱువరాదు.

రెండవ దోషము లోభమువలన పుట్టినది. పన్నుతగ్గింపునే లక్ష్యముగా పెట్టుకొని, కొందఱు వ్యాపారులు భూమిని గొని, దాని కట్టడపు వెలను అబద్ధముగా పెంచి, నిర్బంధ మిచ్చినట్లు వ్రాసి, పెట్టినదానికి అనేకరెట్లు తగ్గింపును వాటాదారులకు పంచిరి. 2016 డిసెంబరులో అమెరికా పన్నులశాఖ ఇట్టి యేర్పాటులను ప్రత్యేకముగా పేర్కొని వెల్లడింపవలెనని ఉత్తరువు చేసెను. 2022 డిసెంబరులో శాసనసభ, సామాన్యముగా, వాటాదారులు పెట్టిన సొమ్మునకు రెండున్నర రెట్లను మించిన తగ్గింపు చెల్లదని నియమించెను. ఈ మోసములను నిజమైన ధర్మసంఘములే ముందుండి యెదిరించుట గమనింపదగినది. దానమునకు చెడ్డపేరు వచ్చినచో మొదట నష్టపడువాడు మంచిదాత గదా.

ఇక స్వదేశవిషయము. మద్రాసు రాజధానిలో చేరియుండిన తెలుగుజిల్లాలకు 1882లో రెండు చట్టములు వచ్చెను. వానిలో ఈజ్‌మెంటుల చట్టము, ఒక భూమియొక్క సుఖానుభవమునకై ఇంకొక భూమిపై నుండు హక్కునే ఈజ్‌మెంటుగా నిర్వచించెను. ఆస్తిబదిలీ చట్టపు 40వ విభాగము, టల్కు తీర్పులోని సూత్రమునే గ్రహించి, తన స్థిరాస్తియొక్క అధికానుభవమునకై పరుల భూమిపై నిషేధహక్కు గలవాడు ఆ సంగతి యెఱిగి కొన్నవానిపై దానిని జరుపుకొనవచ్చునని చెప్పెను. రెండింటను "తన భూమి" యను మాట యున్నది. కావున భూమి లేని ధర్మసంఘము కేవలము ప్రజాహితమునకై నిషేధహక్కును ధరించుటకు ఆ చట్టముల మాటలలో చోటు కానరాదు. భూమినంతయు ధర్మసంస్థ కీయవచ్చును. పొలమును తాను దున్నుకొనుచు, కట్టడపు హక్కును మాత్రము శాశ్వతముగా విడుచుకొనదలచిన రైతునకు ఈ చట్టములు మార్గము జూపవు. ఇంగ్లండు 1937లో దాటిన గడప యిది.

అట్లని మన పూర్వులకు ఈ విద్య తెలియదనుట పొరపాటు. దశబంధమాన్యమును తలచిన చాలును. చెఱువు త్రవ్వించినవానికో, గండిపడినదానిని పూడ్చి బాగుచేసినవానికో ఆ చెఱువుక్రిందనే కొంతభూమిని పన్నులేకయో, తగ్గింపు పన్నుమీదనో ఇచ్చి, చెఱువును చక్కగా నుంచు బాధ్యత నాతనిపై నుంచుట దానిలోని యేర్పాటు. కట్ట తెగినచో మొట్టమొదట ఎండునది అతని మడియే. అందుచే కట్టను చూచుటకు అతనికి శాపభయ మక్కఱలేదు. కడపజిల్లాలో పోరుమామిళ్ల చెఱువును వేయిమంది పనివారితో, నూఱు బండ్లతో, రెండేండ్లు శ్రమించి కట్టించిన బుక్కరాయల కుమారుడు భాస్కరుని 1369నాటి శాసనము, మంచి చెఱువునకు గావలసిన పండ్రెండు అంగములను, కూడని ఆఱు దోషములను లెక్కించినది. కట్టువానికి గావలసిన విద్యయంతయు ఆ శిలపై నున్నది. కట్టిన తరువాత నిలుపు విద్య దశబంధమున నున్నది. నేటి ధర్మసంఘముల పాలననిధి చేయుచున్న పనిని ఆనాడు చెఱువుక్రింది మాన్యము చేసెను. రెండింటను తత్త్వ మొక్కటే: కాచువానికి కాచుటకు వలయు ఆధారమును దానముతోడనే కల్పించుట.

లెస్టరు స్క్వేరునుండి మిర్టిల్ గ్రోవువఱకు నడచిన ఈ చరిత్రలో దాతలకు కొఱత యెన్నడు లేదు. పుచ్చుకొనువారిని, పుచ్చుకొన్నదానిని నిలుపువారిని కల్పించుటయే కష్టమైనది. నిషేధము వ్రాసిన కాగితము తోటను గాపాడలేదు. విడిచిపెట్టిన చిత్తడినేల తనంతట నిలువలేదు. పేరుపొందిన సంస్థయు ఒకానొకప్పుడు తూలెను. నిలిచిన భూములన్నియు ఎవరో ఒకరు ఏటేట నడచి చూచుటచేతనే నిలిచినవి. ఇచ్చుటకంటె పాలించుట శ్రేష్ఠమని శాసనలేఖకులు వేయియేండ్లుగా చెక్కుచు వచ్చిన మాట కేవలము పుణ్యముల తారతమ్యమును చెప్పునది కాదు. దానము ఒక్కనాటి పని. పాలనము ప్రతిదినపు పని. ఆ రెండవదానికి మనుష్యుని, ధనమును, చట్టమును సమకూర్చినపుడే ఆచంద్రార్కమను మాటకు అర్థము గలుగును.